గాజు దారం మీద కాపలా

పోయిన సంచికలో నీటి మోటార్ల స్టార్టర్ల గురించి వ్రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో, చిత్రంగా, మోటారు ఊసే లేనివి మూడు ఉన్నాయి. మూడూ కాపలా కెమెరాల సంగతే. తిరువళ్లూరు నుంచి ఒక సోదరి, "మా అపార్టుమెంటు గేటు దగ్గర కెమెరా పెట్టించాము. బొమ్మ మీద అడ్డపట్టీలు పైకి పాకుతూ ఉంటాయి. ఫైబర్ తీగ వేయిస్తే పోతుందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. పొదటూరుపేట నుంచి మగ్గాల షెడ్డు నడిపే పెద్దమనిషి ఒకరు, షెడ్డుకూ ఇంటికీ మధ్య రెండు ఫర్లాంగుల దూరమనీ, అక్కడా ఫైబరే వేయాలంటున్నారనీ, ఇది వ్యాపారం పెంచుకునే ఎత్తేమోననీ అనుమానపడ్డారు. మూడో ఉత్తరం మా మేనమామది. అది ఉత్తరం కాదు, ఫిర్యాదు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా మామయ్య వాళ్లది తిరుత్తణి తాలూకాలో చిన్న ఊరు. 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ రోజు నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తాలూకా అది. బస్సు మీద బోర్డు తమిళం, బడిలో పాఠం తమిళం, ఇంట్లో మాత్రం ఇప్పటికీ తెలుగే. ఆ వైపు చాలా ఊళ్లలో లాగే ఊరి బయట ధర్మరాజుల గుడి ఉంది. ఏటా భారత కథ చెప్పించి, ఆఖరున నిప్పుల గుండం తొక్కుతారు. ఆ గుడి హుండీని ఒక రాత్రి ఎవరో పగలగొట్టారు. ఊరి పెద్దలు చందాలు వేసుకుని గుడి చుట్టూ నాలుగు కెమెరాలు పెట్టించారు. బొమ్మలు దాచే రికార్డరు పెట్టెను గుడిలో ఉంచితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడని, ఊరి నడుమ భజన మందిరంలో పెట్టారు. ఆలోచన మంచిదే. గుడికీ మందిరానికీ మధ్య దూరం సుమారు ఆరు వందల మీటర్లు.

చిక్కు ఆ ఆరు వందల మీటర్లలోనే వచ్చింది. పని ఒప్పుకున్నతను మామూలు నీలం రంగు నెట్‌వర్కు తీగ లాగాడు. ఆ రాగి తీగ మీద బొమ్మ నమ్మకంగా పోయే దూరం నూరు మీటర్లు. ఆ పైన సంకేతం నీరసిస్తుంది. అందుకని అతను తొంభై మీటర్లకొకటి చొప్పున స్తంభాల మీద రేకు పెట్టెలు బిగించి, వాటిలో స్విచ్చులు పెట్టి, ఒక్కొక్కదానికీ కరెంటు ఇచ్చాడు. రిలే పరుగు పందెంలో కర్ర అందించినట్టు ఒక పెట్టె ఇంకో పెట్టెకు బొమ్మను అందిస్తుంది. రెండు నెలలు బాగానే నడిచింది. మే నెలలో మొదటి గాలివాన వచ్చింది. పిడుగు పడింది గుడి మీద కాదు, పక్క చెరువు గట్టు మీది తాటిచెట్టు మీద. తెల్లారి చూస్తే ఆరు స్విచ్చులూ, మూడు కెమెరాలూ, మందిరంలోని రికార్డరూ పోయాయి. మళ్లీ చందాలు, మళ్లీ కొత్త పెట్టెలు. అక్టోబరు వానల్లో అదే కథ. బాగుచేయించే లోపల హుండీ రెండోసారి పోయింది.

"ఏమిరా అల్లుడా, చదువుకున్నోడివి గదా. దొంగ వచ్చినప్పుడు కండ్లు మూసుకునే కెమెరా ఎందుకురా మాకు?" అన్నాడు మామయ్య.

"తప్పు కెమెరాది కాదు మామా, తీగది" అన్నాను.

"తీగ అంటే నాకు తెలిసింది ఒకటే, బట్టలారేసేది. సక్కంగా చెప్పు."

చెప్పాల్సి వచ్చింది. ఆయనకు చెప్పిందే ఇక్కడ వ్రాస్తున్నాను.

రాగి తీగ మంచి వాహకం. దాని గొప్పా అదే, దాని చిక్కూ అదే. దగ్గరలో పిడుగు పడితే, తీగను తాకకపోయినా సరే, పొడుగాటి తీగలో ఒక్క క్షణం పాటు వేల వోల్టులు పుట్టవచ్చు. తీగ ఎంత పొడుగైతే అంత ప్రమాదం. ఆ దెబ్బ తీగ పట్టుకుని రెండు కొసలకూ పోతుంది. అయిదు వోల్టులకూ పన్నెండు వోల్టులకూ అలవాటు పడిన సున్నితమైన చిప్పులు అక్కడ ఉంటాయి. తట్టుకోలేవు. ఇంకో సంగతి కూడా ఉంది. గుడి దగ్గరి ఎర్తుకూ మందిరం దగ్గరి ఎర్తుకూ ఎప్పుడూ కొంచెం వోల్టేజి తేడా ఉంటుంది. రెంటినీ రాగితో కలిపితే ఆ తేడా తీగలో కరెంటై పారుతుంది.

తిరువళ్లూరు సోదరికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. మీది పాత రకం కోయాక్సియల్ కేబుల్ అనీ, దూరం అరవై మీటర్లనీ వ్రాశారు. ఆ అడ్డపట్టీలు చాలామట్టుకు ఈ ఎర్తు తేడా వల్ల వచ్చేవే. కెమెరాకూ రికార్డరుకూ ఒకే చోటి నుంచి కరెంటు ఇచ్చి చూడండి. లేదా గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బీ తీగ మధ్యలో పెట్టించండి. అరవై మీటర్లకు ఫైబర్ అక్కర్లేదు. ఆ డబ్బుతో గేటు దగ్గర మంచి దీపం వేయించుకుంటే రాత్రి ముఖాలు తెలుస్తాయి.

పొదటూరుపేట వారికి మాత్రం ఫైబర్ కావలసిందే. రెండు ఫర్లాంగులంటే నాలుగు వందల మీటర్లు. మీకు చెప్పినవాళ్లు మోసం చేయలేదు.

ఇంతకూ ఫైబర్ అంటే గాజు దారం. లోపలి గాజు పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులోనూ వెలుగు నడిచే నడిమి దారి తొమ్మిది మైక్రాన్లే. చుట్టూ ఉన్న గాజుకూ నడిమి గాజుకూ గుణంలో చిన్న తేడా ఉంచుతారు. దాంతో లోపలికి పోయిన వెలుగు అంచును తాకినప్పుడల్లా మళ్లీ లోపలికే తిరుగుతుంది, బయటికి జారిపోదు. 1841లో జెనీవాలో కొలడాన్ అనే శాస్త్రవేత్త, తరువాత 1854లో లండన్‌లో టిండాల్, నీటి ధారలో వెలుగును ఇలాగే వంచి సభవారికి చూపించారు. పిల్లలతో మీరూ చేయవచ్చు. నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాకు అడుగున పక్కగా చిల్లి పెట్టి, చీకట్లో ఎదుటి వైపు నుంచి టార్చి వేయండి. వంగి పడే ధారలో వెలుగు కూడా వంగుతుంది. ఈ విద్యకు ఫైబర్ ఆప్టిక్స్ అని పేరు పెట్టింది మన పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ.

అయితే మామూలు గాజులో వెలుగు నాలుగడుగులు వేసేసరికి చచ్చిపోతుంది. కిటికీ అద్దాన్ని అంచు వైపు నుంచి చూడండి, ఆకుపచ్చగా, చీకటిగా ఉంటుంది. 1966లో ఇంగ్లండులో పనిచేస్తున్న చార్లెస్ కావ్, తన సహచరుడు హాకమ్‌తో కలిసి, తప్పు గాజుది కాదు, గాజులోని మలినాలదని తేల్చాడు. కిలోమీటరు నడిచాక నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా చాలు, టెలిఫోనుకు పనికొస్తుందన్నాడు. రూపాయి వేస్తే పైసా చేరితే చాలన్నమాట. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీ వాళ్లు ఆ పైసాను సాధించారు. ఈనాటి మామూలు పోగులో కిలోమీటరు దాటాక రూపాయికి తొంభై రెండు పైసలు చేరుతున్నాయి. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. నలభై మూడేళ్లు ఆగి ఇచ్చారు.

ఈ గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. తిరుత్తణి నుంచి చెన్నైకి గాజు వేస్తే బొమ్మ అర మిల్లీసెకను కూడా పట్టకుండా చేరుతుంది. మన ఎలక్ట్రిక్ బండికి ఎంత పడుతుందో రోజూ దిగేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక కెమెరాల సంగతి. కెమెరా దగ్గర మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అది కరెంటు సంకేతాన్ని వెలుగుగా మారుస్తుంది. రెండో కొసలో దాని జత పెట్టె వెలుగును మళ్లీ కరెంటు సంకేతంగా మారుస్తుంది. బొమ్మ ఇటు రావాలి, ఆజ్ఞ అటు పోవాలి. నిప్పుల గుండం రోజున జనం ఒక పక్కకు తోసుకుంటుంటే, మందిరంలో కూర్చున్న మనిషి కెమెరా మెడను ఆ పక్కకు తిప్పాలి. తిప్పమనే ఆ మాటే డేటా. పాత పద్ధతిలో బొమ్మకొక కేబుల్, డేటాకొక జత తీగలు వేరువేరుగా లాగేవాళ్లు. గాజులో ఒక్క పోగే రెండూ మోస్తుంది. పోయే వెలుగు ఒక రంగు, వచ్చే వెలుగు ఇంకో రంగు. నిజానికి రెండూ మన కంటికి కనిపించని రంగులే, 1310, 1550 నానోమీటర్ల పరారుణ కిరణాలు. ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా వస్తున్నా గుద్దుకోవు.

కంటికి కనిపించవు గనుకనే ఒక జాగ్రత్త. పని చేస్తున్న ఫైబర్ కొసలోకి ఎవరూ తొంగిచూడకూడదు. వెలుగు లేదనిపిస్తుంది, లేజరు మాత్రం ఉంటుంది. పిల్లలకు మరీ మరీ చెప్పండి.

మామయ్య ఊళ్లో మూడోసారి పని వేరే వాళ్లకు ఇచ్చారు. నన్ను కూడా రమ్మన్నారు, చందాలో నా వంతు ఉంది మరి. నాలుగు కోర్ల కేబుల్ తెచ్చారు, అంటే లోపల నాలుగు గాజు పోగులు. కావలసింది ఒకటే, మూడు రేపటికి. కేబుల్ ఖర్చు కన్నా దాన్ని వేసే కూలీ ఎక్కువ కాబట్టి పోగుల దగ్గర పిసినారితనం పనికిరాదు. స్తంభాల మీద లాగడానికి ముందు అనుమతి తీసుకున్నారు.

పోగులు అతికించే మిషను దగ్గర ఊళ్లో పిల్లలంతా మూగారు. మేస్త్రీ కుర్రవాడు పోగు మీది పూత గీకి, స్పిరిటుతో తుడిచి, వజ్రపు గోటితో గీసినట్టు కొసను నున్నగా కోసి, రెండు కొసలను మిషనులో ఎదురెదురుగా పెట్టాడు. తెర మీద అవి రెండు దూలాల్లా కనిపించాయి. చిటుక్కుమని నిప్పురవ్వ వెలిగింది. రెండూ ఒకటైపోయాయి. కంసాలి బంగారం అతికించినంత శ్రద్ధగా చేశాడు. తరువాత ఒక కొసలో ఎర్ర లైటు పెడితే, ఆరు వందల మీటర్ల అవతల మందిరంలో కొస ఎర్రగా మెరిసింది. మామయ్య ఆ రెండో కొస దగ్గరే నిలబడి, చూడొద్దంటున్నా చూశాడు. అది పరీక్ష దీపం గనుక సరిపోయింది.

లెక్క కూడా వేయించాను. ఈ లెక్క మీరు కూడా అడగండి, చెప్పలేనివాడికి పని ఇవ్వకండి. నష్టాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. ఆరు వందల మీటర్ల గాజుకు 0.2, రెండు అతుకులకు 0.2, రెండు కనెక్టర్లకు 1. మొత్తం 1.4. అంటే రూపాయికి డెబ్బై రెండు పైసలు చేరుతున్నాయి. మేము కొన్న పెట్టెల జత పది డెసిబెళ్ల నష్టాన్ని, అంటే పది పైసలు చేరినా, ఓర్చుకుంటుంది. రేపు ఏ జె.సి.బి.నో కేబుల్ తెంపితే మరో నాలుగు అతుకులు వేసుకున్నా ఢోకా లేదు. తెగిన చోటు కనిపెట్టడానికి ఓ.టి.డి.ఆర్. అని ఒక పరికరం ఉంది. వెలుగు తునకను లోపలికి వదిలి, ప్రతిధ్వని ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి, ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెబుతుంది. బావిలో రాయి వేసి లోతు చెప్పే మా తాతల విద్యే.

ఇప్పుడు ఫైబర్‌లోని లోపాలు. ఇవి అమ్మేవాళ్లు చెప్పరు.

గాజు కరెంటు మోయదు. నీలం తీగ కెమెరాకు కరెంటు కూడా తనే తీసుకుపోయేది. గాజు వేస్తే కెమెరా దగ్గరే కరెంటు కావాలి, కరెంటు పోతే నిలబడడానికి చిన్న యు.పి.ఎస్. కావాలి. దొంగ మొదట తీసేది ఫ్యూజే.

రెండోది చాలామంది ఇంజనీర్లు కూడా మరిచిపోయేది. ఎలుకలు కొరక్కుండా కొన్ని కేబుళ్లకు ఉక్కు కవచం ఉంటుంది. గాజుకు పిడుగు అంటదు, ఉక్కుకు అంటుతుంది. ఆ కవచాన్ని నేరుగా పెట్టెలోకి తెచ్చి బిగిస్తే రాగి తీగకు పట్టిన గతే పడుతుంది. స్తంభాల మీద పోయేదైతే లోహం లేని కేబుల్ అడగండి. భూమిలో కవచం ఉన్నదే వేయాలంటే, దాన్ని పరికరాలకు దూరంగా సరిగ్గా ఎర్తు చేయించండి. మామయ్య ఊళ్లో లోహం లేనిదే వేశారు. ఉడతలు కొరుకుతాయేమోనని ఆయన భయం ఇంకా పోలేదు.

తక్కినవి చిన్నవి. కేబుల్‌ను తాడులా మడిచి మూల తిప్పితే వెలుగు కారిపోతుంది, గుండ్రంగా తిప్పాలి. కనెక్టరు కొస మీద వేలిముద్ర పడినా చాలు, బొమ్మ ఆగుతుంది. ఫైబర్ లింకుల్లో వచ్చే ఫిర్యాదుల్లో మురికి వల్ల వచ్చేవే ఎక్కువ. టోపీ తీసిన కనెక్టరును తుడవకుండా పెట్టనివ్వకండి.

ఇంత శ్రమ ఎందుకు, హుండీలో ఉండేది ఎంత అని మా ఊళ్లోనూ అన్నారు. నాకు వేరే సంగతి గుర్తుకొచ్చింది. 2016 జూన్ 24 తెల్లవారి చెన్నై నుంగంబాక్కం స్టేషనులో, పనికి వెళ్లడానికి బండి కోసం నిలబడ్డ యువతిని ప్లాట్‌ఫారం మీదే నరికి చంపారు. స్టేషనులో కెమెరా లేదు. పోలీసులు పక్క వీధుల్లోని కెమెరాల బొమ్మలు వెతుక్కోవలసి వచ్చింది. తిరుత్తణి, తిరువళ్లూరు నుంచి మన ఆడపిల్లలు ఎంతమంది తెల్లవారుజామున బండెక్కి చెన్నై పనులకు పోతున్నారో అందరికీ తెలుసు. ఆ తరువాత కొన్ని వందల స్టేషన్లకు కెమెరాలు పెట్టే పనిని రైల్వేశాఖ 2000లో ఏర్పడిన తన రైల్‌టెల్ సంస్థకు అప్పగించింది. పట్టాల వెంట ఫైబర్ వేసింది ఆ సంస్థే. స్టేషను బొమ్మ ఫైబర్ మీదుగా అక్కడి ఆర్.పి.ఎఫ్. పోస్టుకూ, డివిజను కంట్రోలు గదికీ చేరేలా ఆ పథకం వేశారు. మా మందిరంలో చేసిందే, పెద్ద ఎత్తున.

బొమ్మలు ఎన్నాళ్లు దాచాలన్నది ఇంకో ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం, నూరు మందికి పైగా గుమికూడే సంస్థలు కెమెరాలు పెట్టి ముప్పై రోజుల బొమ్మలు దాచాలంది. మనం ఆ గీతకు ఇవతల ఉన్నా ముప్పై రోజులు మంచి కొలత. ఒక మామూలు కెమెరా సెకనుకు నాలుగు మెగాబిట్లు పంపితే రోజుకు 43 గిగాబైట్లు, నెలకు 1.3 టెరాబైట్లు. నాలుగు కెమెరాలకు అయిదు టెరాబైట్లకు పైగా. ఒక టెరాబైటు డిస్కు పెట్టి "నెల వస్తుందండీ" అనేవాడితో ఈ లెక్క కాగితం మీద వేయించండి. ఆరు రోజులు కూడా రాదు.

అంతా అయ్యాక గుడి ఎదురింటి పెద్దమ్మ ఒకామె వచ్చి, "అది మా వాకిలి కూడా చూస్తుందా నాయనా?" అని అడిగింది. తెర మీద చూస్తే ఆమె వాకిలి, స్నానాల తడిక, అన్నీ కనిపిస్తున్నాయి. మాలో ఒక్క మగవాడికీ అంతవరకు ఆ ఆలోచన రాలేదు. కెమెరాను కొంచెం కిందికి వంచి, మిగిలిన మూలను నల్లటి ముసుగుతో కప్పించాము. ఆ ఏర్పాటు ఇప్పటి కెమెరాలన్నిటిలో దాదాపుగా ఉంటుంది, అడిగితే చేసిస్తారు. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డును కూడా ఆ రోజే మార్పించాము. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము, పాస్‌వర్డు మార్చని కెమెరాలను లక్షల్లో లొంగదీసుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను మూలపడేసింది. ఊరి గుడి కెమెరా ఆ గుంపులో చేరకూడదు కదా. కొత్త పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. అందులో మామయ్య లేడు, కాగితం మీద రాసి గోడకు అంటిస్తాడని.

పోయిన వానాకాలంలో ఆ ఊళ్లో మళ్లీ పిడుగు పడింది. గుడి వైపు ఒక కెమెరా, దాని కరెంటు డబ్బీ పోయాయి. కరెంటు తీగ మీదుగా వచ్చిన దెబ్బ అది, గాజు ఆపగలిగింది కాదు. మందిరంలో రికార్డరు మాత్రం నడుస్తూనే ఉంది, తక్కిన మూడు కెమెరాలు కూడా. పోయిన కెమెరా ఆఖరి బొమ్మ వరకు డిస్కులో ఉంది, తెల్లటి వెలుగులో గుడి గోపురం. మామయ్య దాన్ని ఫోటో తీయించి మందిరంలో పెట్టించాడు.

యు.పి.ఎస్., ఇన్వర్టరు బ్యాటరీలకు నీళ్లు ఎప్పుడు పోయాలన్న ప్రశ్నలు కొన్ని మిగిలిపోయాయి. అవి వచ్చే సంచికలో.